ఎలక్ట్రిక్ గిటార్‌లో ఫీల్ ఎలా తెచ్చుకోవాలి: ఒక్క పంక్తి, ఒక్క నెల

కొన్నేళ్ల కిందట కడపలో వినాయక చవితి పందిట్లో మా ఆర్కెస్ట్రా కచేరీని ఎవరో కుర్రాడు ఫోన్లో రికార్డు చేసి మర్నాడు నాకు పంపాడు. అప్పటికి నేను గిటార్ పట్టి ఆరేళ్లయింది. సోలోలో ఒకచోట తీగను సాగదీసి, కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి నిలబడ్డాను. ఆ క్షణాన నా ప్రాణమంతా ఆ స్వరంలో పోసేశాననుకున్నాను. రికార్డింగులో విన్నాను కదా, స్వరం చేరాల్సిన చోటికి చేరనే లేదు. కాస్త కిందనే ఆగిపోయి, అక్కడే వణుకుతూ ఉంది. నేను ఫీల్ అని మురిసిపోయింది శ్రుతి తప్పిన బెండ్.

గిటార్ వాయించేవాళ్లు నలుగురు కడప ఏడురోడ్ల దగ్గర టీ తాగడానికి చేరితే టెక్నిక్ గొప్పదా, ఫీల్ గొప్పదా అనే తగువు వచ్చి తీరుతుంది. ఒకాయన రాక్ గిటారిస్ట్ యింగ్వీ మాల్మ్‌స్టీన్ వేగం గురించి చెబుతాడు. ఇంకొకాయన అమెరికా బ్లూస్ గిటారిస్ట్ బి.బి. కింగ్ ఒక్క స్వరంతో ఏడిపిస్తాడు అంటాడు. టీ చల్లారిపోతుంది. నాకైతే ఆ ఒక్క స్వరం వెనక ఉన్న వేలి బలం, చెవి కచ్చితత్వం కూడా టెక్నిక్ లాగే కనిపిస్తాయి. అవి ఫీల్ పేరుతో చలామణి అవుతున్నాయి కాబట్టి ఎవరూ కూర్చుని సాధన చేయరు. స్కేళ్లకు మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) పెట్టుకుంటాం, వైబ్రాటోను, అంటే స్వరాన్ని ఊపడాన్ని మాత్రం దేవుడికి వదిలేస్తాం.

అందుకే ఒకే ఒక్క పాట పంక్తిని తీసుకుని, దాన్ని గిటార్ చేత పలికించే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. రోజుకు ముప్పావుగంట చొప్పున నెల పడుతుంది. నాలుగైదు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), ఐదు స్వరాల పెంటటోనిక్ స్కేల్ ఒకటి ఇప్పటికే వచ్చినవాళ్లకు ఇది పనికొస్తుంది.

ముందు గిటార్‌ను దారికి తెచ్చుకోండి

మొండి గిటార్ మీద ఎంత భావం ఉన్నా పలకదు. తీగలు 9–42 సెట్ వేసుకోండి. అంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు. చెయ్యి గట్టిపడ్డాక 10–46కు మారవచ్చు. ఫెండర్ తరహా గిటార్లలో స్కేల్ పొడవు, అంటే తీగలో మోగే భాగం పొడవు, సాధారణంగా 25.5 అంగుళాలు, గిబ్సన్ తరహావాటిలో 24.75 దగ్గర. అదే తీగ పొట్టి స్కేల్ మీద మెత్తగా లొంగుతుంది. కాబట్టి మీ స్నేహితుడి గిటార్ మీద సులువుగా వచ్చిన బెండ్ మీ దానిమీద రాకపోతే బెంగపడకండి.

పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు సన్న తీగ కింద ఒకటిన్నర మిల్లీమీటరు, లావు తీగ కింద రెండు ఉంటే చాలు. వేగం కోసం తీగల్ని మరీ కిందికి దించేస్తే, పక్కకు నెట్టినప్పుడు తీగ పై ఫ్రెట్‌కు తగిలి గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. తేలే బ్రిడ్జ్ (తీగల కింది చివర ఆనే భాగం) ఉన్న గిటార్‌తో ఇంకో తంటా ఉంది. ఒక తీగను లాగితే బ్రిడ్జ్ ముందుకు ఒరిగి మిగతా తీగల శ్రుతి దిగిపోతుంది. నేర్చుకునే రోజుల్లో బ్రిడ్జ్ వెనక చిన్న చెక్కముక్క పెట్టి దాన్ని కదలకుండా చేయించుకోండి.

మన ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే. నలభై డిగ్రీలు దాటిన రోజున వేళ్ల చెమటకు తీగలు వారంలో గరుకెక్కుతాయి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో ఒక్కో తీగనూ తుడవండి. తుప్పు పట్టిన తీగ మీద వేలు జారదు.

ఇక ఆంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె. గెయిన్ తగ్గించండి. ఇంకొంచెం తగ్గించండి. గెయిన్ పెంచితే వచ్చే గరగర, అంటే డిస్టార్షన్, పెరిగేకొద్దీ గట్టిగా మీటినా మెల్లగా మీటినా దాదాపు ఒకే పెద్ద శబ్దం వస్తుంది. మీ చెయ్యి చేసే తేడాలన్నీ దాని కింద మునిగిపోతాయి. రివర్బ్ (ఆంప్ కలిపే ప్రతిధ్వని) కూడా ఆపండి. కడప బండలు పరిచిన గదిలో ఎలాగూ శబ్దం తిరిగి కొడుతుంది, కింద ఒక దుప్పటి పరుచుకుంటే మంచిది. కరెంటు పోతే సంతోషించండి. ఆంప్ లేకుండా ఉత్త గిటార్ మీద వాయిస్తే చేతిలో ఉన్న బలం, లేని బలం రెండూ బయటపడతాయి.

పంక్తిని ఎంచుకుని, పాడండి

మీకు చిన్నప్పటినుంచి తెలిసిన పాటలో ఒక్క పంక్తి తీసుకోండి. చర్చిలో పాడిన కీర్తన కావచ్చు, ఉరుసులో విన్న ఖవ్వాలీ కావచ్చు, సినిమా పాట కావచ్చు. నేను మా జేజి పాడే జోలపాటలో ఒక పంక్తి తీసుకున్నాను. ఆరేడు సెకన్లకు మించకూడదు. నిదానంగా ఉండాలి.

దాన్ని పాడి ఫోన్లో రికార్డు చేయండి. నాకు గొంతు లేదు అంటారని తెలుసు, నాకూ లేదు. గొంతు ఎలా ఉన్నా అది మూడు విషయాలు చెబుతుంది: ఊపిరి ఎక్కడ తీసుకున్నారు, ఏ అక్షరం మీద ఒత్తు పడింది, ఏ స్వరం నుంచి ఏ స్వరానికి జారారు. ఈ మూడింటినీ కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఊపిరి దగ్గర గీత, ఒత్తు దగ్గర చుక్క, జారుడు దగ్గర వంపు.

బి.బి. కింగ్ పాడుతున్నప్పుడు గిటార్ వాయించేవాడు కాదు. గొంతు ఆగిన చోట గిటార్ అందుకునేది, గిటార్ ఆగిన చోట గొంతు. రెండూ ఒకే మనిషి మాటల్లా వినిపించడానికి అదొక కారణం అనుకుంటాను.

ఇక్కడ ట్యాబ్ మాట కూడా చెప్పాలి. ఇంటర్నెట్లో దొరికే ట్యాబ్ ఏ తీగ, ఏ ఫ్రెట్ అనేది చెబుతుంది. మన తాళ్లపాక అన్నమయ్య కీర్తనల రాగిరేకులు గుర్తు చేసుకోండి. వాటి మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, ఎలా పాడాలో చెప్పే స్వరలిపి లేదు. అందుకే తర్వాతి కాలం సంగీతకారులు కూర్చుని చాలా కీర్తనలకు కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. మీ చేతిలో ఉన్న ట్యాబ్ కూడా రాగిరేకు లాంటిదే. మిగిలింది మీరు చెవితో పూరించాలి. కాబట్టి ఈ పంక్తికి ట్యాబ్ వెతక్కండి.

ఒకే తీగ మీద వెతకండి

సన్న తీగ నుంచి లెక్కపెట్టి రెండో తీగ గానీ మూడో తీగ గానీ ఎంచుకుని పంక్తి మొత్తాన్ని దానిమీదే వాయించండి. చెయ్యి మెడ వెంట పైకీ కిందికీ పరిగెత్తాల్సి వస్తుంది. అదే కావాలి. స్వరాల మధ్య దూరం కంటికి కనిపిస్తుంది, జారుడు దానంతటదే వస్తుంది. పక్క తీగ మీద సులువుగా దొరికే స్వరం కోసం చెయ్యి వెళ్లిపోతుంటుంది, వెళ్లనివ్వకండి. నాలుగు రోజులు దీనికే. తర్వాత మీ ఇష్టం వచ్చిన తీగల మీదికి పంచుకోవచ్చు.

బెండ్: ఇక్కడే నెలలో సగం

మూడో తీగ, ఏడో ఫ్రెట్. అక్కడ పలికేది డి (D) స్వరం. తొమ్మిదో ఫ్రెట్‌లో పలికేది ఇ (E). వేలు ఏడో ఫ్రెట్ దగ్గరే ఉంచి, తీగను పైకి నెట్టి ఆ ఇ పలికించాలి.

ఉంగరపు వేలు ఏడో ఫ్రెట్ మీద. మధ్యవేలు ఆరో దాని మీద, చూపుడువేలు ఐదో దాని మీద, అదే తీగను నొక్కి పట్టాలి. మూడూ కలిసే నెట్టాలి, ఉంగరపు వేలు ఒక్కటే మోస్తే పది నిమిషాల్లో చాలిస్తుంది. బొటనవేలు మెడ పై అంచు దాటి ఇవతలికి రావాలి. చూపుడువేలి మొదలు మెడ కింది అంచుకు ఆనాలి. ఇప్పుడు వేళ్లను చాపకుండా మణికట్టు తిప్పండి, బిగుసుకున్న తాళంలో తాళంచెవి తిప్పినట్టు. బలం ముంజేతి నుంచి రావాలి. వేలి కీళ్లలో నొప్పి పుడుతోందంటే తిప్పడం మాని నెడుతున్నారని అర్థం.

ముందు తొమ్మిదో ఫ్రెట్ వాయించి ఆ ఇ స్వరాన్ని గొంతుతో పట్టుకోండి. గొంతులో దాన్ని అలాగే ఉంచి, ఏడో ఫ్రెట్ నుంచి తీగను నెట్టుకుంటూ గొంతును కలవండి. కలిశాక రెండు లెక్కలు నిలపండి. మళ్లీ తొమ్మిదో ఫ్రెట్ వాయించి పోల్చండి. ఇలా పది సార్లు. ట్యూనర్ పెట్టుకోండి గానీ తీగ నెడుతున్నప్పుడు దానివైపు చూడకండి. స్వరం చేరిందని చెవి ఒప్పుకున్నాక మాత్రమే చూడండి. పక్కపక్క ఫ్రెట్ల మధ్య వంద సెంట్లు. ఇరవై, ముప్పై సెంట్లు తగ్గితే వాద్యం తెలియనివాళ్లకు కూడా ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. ఏమిటో చెప్పలేరు, ఫోన్ చూసుకోవడం మొదలుపెడతారు.

నా అనుభవంలో కొత్తవాళ్ల బెండ్లు చాలావరకు తక్కువ పడతాయి, ఎక్కువై దాటిపోవడం అరుదు. నొప్పి ఒక కారణం. ఇంకో కారణం, చేరాల్సిన స్వరాన్ని ముందే మనసులో వినకుండా బయలుదేరడం. కడప బస్టాండులో ఏ బస్సు ఎక్కాలో తెలియకుండా ఎక్కినట్టు.

స్వరం చేరడం కుదిరాక, ఎలా చేరుతున్నారో చూసుకోండి. మీటిన వెంటనే ఒక్క ఊపులో వెళ్లడం ఒక తీరు. ఒక లెక్క అంతా తీసుకుని నిదానంగా ఎక్కడం ఇంకో తీరు. మూడోది నాకు చాలా ఇష్టం: తీగను చప్పుడు లేకుండా ముందే నెట్టి ఉంచి, అప్పుడు మీటి, నెమ్మదిగా దింపడం. మా జేజి జోలపాట చివరి అక్షరాన్ని కిందికి వదిలే తీరు దీనితోనే వచ్చింది. కష్టమైంది కూడా ఇదే, ఎందుకంటే మీటకముందు చెవి సాయం చేయదు. ఎంత నెట్టాలో చెయ్యే గుర్తుపెట్టుకోవాలి. నాలుగోది, మైనర్ మూడో స్వరాన్ని (మన సాధారణ గాంధారాన్ని) వెంట్రుకవాసి మాత్రమే పైకి నెట్టే బ్లూస్ పద్ధతి. అది చిన్నదే, కానీ పాటను బట్టి వాడాలి. జోలపాటలో వాడితే పిల్లాడు లేచి కూర్చుంటాడు.

తీగను లాగి స్వరం పుట్టించడం మనకు కొత్తేమీ కాదు. వీణకు 24 మెట్లున్నా, వైణికులు ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాలను పలికిస్తారు. అయితే బెండ్ అంటే గమకమేనని సరిపెట్టుకోకండి. గమకం ఎక్కడ, ఎంత, ఏ తీరులో అనేది రాగాన్ని బట్టి నడుస్తుంది. గిటార్‌లో ఆ స్వేచ్ఛ, ఆ గందరగోళం రెండూ మీవే. వీలైతే ఒక వీణ కచేరీకి వెళ్లి ఎడమచెయ్యి వైపు కూర్చోండి.

బెండ్ సాధన రోజుకు పదిహేను నిమిషాలు దాటించకండి. వేళ్ల చివర్లు కాయలు కాయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే కూర్చోకండి, మెత్తబడ్డ చర్మం చీరుకుంటుంది.

వైబ్రాటో

స్వరం పుట్టగానే వణికించకండి. ఒక లెక్క నిటారుగా నిలపండి, తర్వాత ఊపు మొదలుపెట్టండి. మా జేజి గొంతు కూడా అలాగే చేసేది. వృద్ధాప్యం వల్ల వచ్చిన వణుకు వేరు, పాట కోసం తెచ్చిన ఊపు వేరు. ఆమెలో రెండూ ఉండేవి, వినేవాళ్లకు తేడా తెలిసేది.

మెట్రోనోమ్ 60 మీద పెట్టి, ఒక్కో లెక్కకు రెండు ఊపులు, తర్వాత మూడు, తర్వాత నాలుగు. ఊపుల వెడల్పు సమానంగా ఉండాలి. ఫ్రెట్ మీద మామూలుగా నొక్కిన తీగను నెట్టినా లాగినా స్వరం పైకే పోతుంది. కాబట్టి ప్రతి ఊపుకూ అసలు స్వరానికి పూర్తిగా తిరిగి రావాలి. బెండ్ చేసి నిలిపిన స్వరానికి ఇది తిరగబడుతుంది: చేరిన స్వరం నుంచి కొంచెం కిందికి వదిలి, మళ్లీ అక్కడికి ఎక్కాలి. చవితి పందిట్లో నేను చేసిన తప్పు ఇదే. పైకి ఎక్కకుండానే కిందికి వదలడం మొదలుపెట్టాను.

బి.బి. కింగ్ బొటనవేలిని మెడ నుంచి వదిలేసి, చూపుడువేలి చుట్టూ చేతిని సీతాకోకచిలుక రెక్కలా ఆడించేవాడు. వీడియోలో శబ్దం తీసేసి ఆ చెయ్యి ఒక్కటే చూడండి.

కుడిచెయ్యి, వాల్యూమ్

దీన్ని పట్టించుకోనివాళ్లే ఎక్కువ. కాగితం మీద చుక్కలు పెట్టారు కదా, ఆ ఒత్తులన్నీ కుడిచేతివే. పంక్తిని ఒకసారి బ్రిడ్జ్ పక్కన మీటి, ఒకసారి మెడ దగ్గర మీటి చూడండి. మొదటిది మంట, రెండోది వెన్న. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) పక్కన పెట్టి బొటనవేలితో మీటండి. ఇంగ్లండ్ గిటారిస్ట్ జెఫ్ బెక్ 1980ల నుంచి పిక్‌ను దాదాపు వదిలేసి వేళ్లతోనే వాయించాడు, వాల్యూమ్ నాబ్ మీద చిటికెన వేలు ఆడుతూనే ఉండేది. మీ గిటార్ వాల్యూమ్ పదిలో ఏడు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి, పైకి పోవడానికి చోటు ఉంటుంది.

తాళానికి అటూ ఇటూ

మెట్రోనోమ్ 70 మీద పంక్తిని సరిగ్గా దెబ్బ మీద వాయించండి. రెండోసారి ప్రతి స్వరాన్నీ దెబ్బకు కొంచెం వెనకగా వదలండి. మూడోసారి కొంచెం ముందుగా. చెక్కభజన చూస్తూ పెరిగినవాళ్లకు ఇది త్వరగా పట్టుబడుతుంది. చెక్కలూ అడుగులూ తప్పకుండా పడుతుంటే పాడే గొంతు వాటి మధ్య సాగుతుంది, తొందరపడుతుంది. తాళం తెలియక వెనకపడటానికీ, తెలిసి వెనకపడటానికీ తేడా రికార్డింగులో కచ్చితంగా దొరికిపోతుంది. అందుకే ముందు సరిగ్గా దెబ్బ మీద వాయించగలగాలి.

ఊపిరి గీతలు గుర్తున్నాయా? అక్కడ గిటార్ ఊరుకోవాలి. రెండు చేతులతోనూ తీగల్ని ఆపి, నిజంగా నిశ్శబ్దం చేయండి. మనవాళ్లకు ఖాళీ కనిపిస్తే నాలుగు స్వరాలు పోసేయాలనిపిస్తుంది, పెళ్లి భోజనంలో విస్తరి ఖాళీగా ఉంటే వడ్డించేవాడికి తోచనట్టు.

పెద్ద దర్గా ఉరుసుకు వెళ్తే ఖవ్వాలీ మొత్తం కూర్చుని వినండి. ఒకే పంక్తిని పదిసార్లు అందుకుంటారు, ప్రతిసారీ ఒక మాట దగ్గరో, ఒక ఎత్తు దగ్గరో మారుస్తారు. మూడో వారమంతా మీ పని అదే: అదే పంక్తి, రోజుకు పది తీర్లు, స్వరాలు మార్చకుండా.

మరి వేగం?

వేగాన్ని తక్కువ చేసి మాట్లాడటం ఈమధ్య ఒక ఫ్యాషన్ అయింది. నా పిక్కింగ్ సరిగా లేని రోజుల్లో నేనూ ఫీల్ ముఖ్యం అని తప్పించుకున్నవాణ్ణే. వేళ్లు పెనుగులాడుతున్నప్పుడు చెవికి వినే తీరిక ఉండదు. వేగం సాధన చేసేది ఆ తీరిక కోసమే.

రోజూ పది నిమిషాలు, నాలుగు వేళ్లతో నాలుగు ఫ్రెట్లు, ఒక్కో లెక్కకు నాలుగు స్వరాలు. మెట్రోనోమ్ 60తో మొదలుపెట్టి, మూడు రోజులు శుభ్రంగా వస్తేనే నాలుగు పెంచండి. 120కి చేరితే సెకనుకు ఎనిమిది స్వరాలు పలుకుతున్నట్టు. అక్కడ ఒక్కో స్వరం విడిగా చెవిన పడదు, జల్లులా పడుతుంది. జల్లు కావలసిన చోట జల్లే కురవాలి.

రెండూ ఒకే చేతిలో ఉండవనేవాళ్లకు నేను పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పేరు చెబుతాను. మాండలిన్‌కు జంటలుగా ఉండే ఎనిమిది తీగల్ని తీసేసి, విడివిడిగా ఐదు తీగలు కట్టి, ఎలక్ట్రిక్ వాద్యం చేసుకున్నాడు. జంట తీగల మీద కర్ణాటక గమకం పలికించడం కష్టం కదా. ఆయన కల్పనస్వరాల వేగం వినండి, తర్వాత ఆలాపనలో ఒక్క స్వరాన్ని ఎంతసేపు పట్టుకుని జోకొడతాడో వినండి. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు.

వినిపించండి

నాలుగో వారం ప్రతి రాత్రి ఒకసారి రికార్డు చేసి, వెంటనే వినకుండా మర్నాడు వినండి. వాయించిన వెంటనే వింటే వేళ్ల జ్ఞాపకమే వినిపిస్తుంది.

తర్వాత ఆ పాట తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. గిటార్ తెలిసినవాళ్ల దగ్గరికి వద్దు, వాళ్లు పెడల్ ఏం వాడావని అడుగుతారు. పాట పేరు చెప్పకుండా పంక్తి వాయించండి. ఎలా ఉందని కాకుండా, ఎక్కడ తేడాగా ఉందని అడగండి. మా జేజికి మిద్దె మీద మంచం పక్కన కూర్చుని వినిపించాను. పాట గుర్తుపట్టింది. "అంతా బాగుంది గానీ, ఆ చివర కాడ నువ్వు దిగేది శానా బిరీన దిగతాండావు నాయనా. బిడ్డ ఇంకా నిద్రపోల్యా," అంది. రెండు లెక్కల్లో దింపుతున్న బెండ్‌ను నాలుగు లెక్కలకు సాగదీసేసరికి నాకు ఇంకో తొమ్మిది రోజులు పట్టింది.

వేదిక మీద

ఇంట్లో కుదిరింది వేదిక మీద చెడటానికి పెద్ద కారణం, మీ గిటార్ మీకే వినపడకపోవడం. వినపడకపోతే బెండ్ ఎక్కడ ఆపాలో చెయ్యికి తెలియదు. సౌండ్ అన్నతో ముందే మాట్లాడి మానిటర్లో (వాయించేవాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకర్లో) గిటార్ పెంచమని అడగండి. ఆయన తలాడిస్తాడు, పెంచడు. ఇంకోసారి అడగండి. ఆంప్‌ను నేల మీద పెట్టకుండా కుర్చీ ఎక్కించి, చెవివైపు తిప్పుకోండి. లైట్ల వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది కాబట్టి, వేదిక ఎక్కి పది నిమిషాలయ్యాక మళ్లీ ట్యూన్ చేయండి.

సోలో పదహారు బార్లుంటే (బారు అంటే ఒక తాళం ఆవృత్తం), మొదటి నాలుగు బార్లలో మీ పంక్తి, తర్వాత రెండు బార్లు ఖాళీ. వేగంగా వాయించేది ఏమన్నా ఉంటే పన్నెండో బారు తర్వాత పెట్టుకోండి. ముందు వరసలో ఎవరికన్నా ఫోన్ ఇచ్చి రికార్డు చేయమనండి, మర్నాడు గిటార్ ఒళ్లో పెట్టుకుని వింటూ ప్రతి బెండ్ పక్కనా చేరిందో లేదో రాయండి.

మొన్నటి చవితి సోలోలో నావి ఏడు బెండ్లు. ఐదు చేరాయి. ఒకటి దాటిపోయింది. ఇంకొకటి డప్పుల మోతలో వినపడలేదు, చేరినట్టే రాసుకున్నాను.